తేర్చిన నీళ్ళు

“నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని వాళ్ళే పరీక్ష చేసి చెప్పాక ఇంకా ఈ గొడవేమిటి?” అని భర్త అనడం అది నాలుగోసారో, అయిదోసారో. అన్న ప్రతిసారీ ఆయన గొంతు కాస్త తగ్గుతోంది. కోపం తగ్గి కాదు, తనదే పైచెయ్యి అయిందన్న ధీమా పెరిగి.

ఆమె వంటింటి గడప దగ్గర పీట వేసుకుని, స్టీలు బిందె అడుగున పేరుకున్న ఎర్రమడ్డిని పీచుతో తోముతోంది. బిందెను ఆయనవైపు వంచి, “మరి ఇదేమిటండీ?” అంది.

ఆయన చూడలేదు. “బిందె పాతదైపోయింది.”

“పోయిన నెల మీరే తెచ్చారు. తుప్పన్నది పట్టదని షాపువాడు ఒట్టేశాడన్నారు.”

“అయితే సరిగ్గా తోమడం లేదేమో,” అని హాల్లోంచి అత్తగారి గొంతు.

బిందె తోముతూ ఉన్న మనిషితో తోమడం లేదనడం ఆ ఇంట్లో ఎవరికీ విడ్డూరంగా తోచలేదు. ఆమెకు మాత్రం నవ్వు రాబోయి, గొంతు దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.

గొడవంతా పెరటి బావి నీళ్ళ గురించి. మామగారు ఇల్లు కట్టకముందే తవ్వించిన బావి అది. బండ తగిలినా వదలకుండా తవ్వించానని, వీధిలో అందరి బావులూ ఎండినా తనది ఎండలేదని ఆయన ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతారు. నిజమే, ఎండలేదు. పైకి తోడినప్పుడు నీళ్ళు అద్దంలా ఉంటాయి కూడా. గాలి తగిలి కాసేపు నిలిచాయంటే మాత్రం చిన్నగా పసుపు తిరిగి, తర్వాత ఎరుపెక్కి, ఇనప కంపు కొడతాయి. టీ పెడితే నల్లగా సిరాలా అవుతుంది. తెల్లబట్ట పసుపు బట్ట అవుతుంది. స్నానాలగదిలో గోడల మీద తుప్పు చారలు ఎంత రుద్దినా వారం తిరిగేసరికి మళ్ళీ దిగుతాయి.

ఈ సంగతులు ఆమెకు తెలిసినంతగా ఇంట్లో మరెవరికీ తెలియవు. తెలియకుండా చేసింది ఆమే. రోజూ సాయంత్రం, బావిలోంచి మోటారు ఎక్కించే కుళాయి నీళ్ళు పట్టి, ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి ఎత్తి పోస్తుంది. అలా పోస్తే గాలి తగిలి ఎర్రదనం త్వరగా విడుతుంది. రాత్రంతా కదపకుండా ఉంచుతుంది. ఇంకా వెలుగు రాకముందే లేచి, అడుగు కదలకుండా పై తేటను నాలుగు మడతల గుడ్డలోంచి వంచుతుంది. అది తాగడానికి, వంటకు, టీకి. ఆ తర్వాతి వరస నీళ్ళు భర్త చొక్కాలకు, కూతురి తెల్ల కాలేజీ యూనిఫారానికి. అడుగున మిగిలినవి మొక్కలకు, బండలు కడగడానికి, ఆమె స్నానానికి. పెళ్ళయిన కొత్తలో అత్తగారు దగ్గరుండి నేర్పించిన విద్య ఇది. “బిందె వంచేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టాలే,” అనేది ఆవిడ. బిగబట్టడం ఆమెకు బాగా అలవాటైంది.

ఈమధ్య కుడి భుజం పైకి లేవడం లేదు. జడ అల్లుకోవాలన్నా చెయ్యి మెడ దాటి వెళ్ళదు. బరువులు ఎత్తారంటే ఇక ఆ చెయ్యి మీది కాదనుకోండి, అంది డాక్టరమ్మ. ఆ మాట ఇంట్లో చెబితే, “డాక్టర్లు అలాగే అంటారు. ఏ పనీ చెయ్యకపోతే అసలే పట్టేస్తుంది,” అన్నాడు భర్త. చెడ్డవాడేమీ కాదు. ఆ సాయంత్రమే నొప్పి మందు తెచ్చాడు. ట్యూబు మూత తీసి మరీ ఇచ్చాడు. ఇచ్చి, “నీళ్ళు పోసేటప్పుడు కాస్త మెల్లిగా పొయ్యి,” అని జాగ్రత్త కూడా చెప్పాడు.

అప్పుడే ఆమె ఫిల్టరు మాట ఎత్తింది. వంటింటి కుళాయికి తగిలించే చిన్న డబ్బా కాదు. అలాంటిదొకటి ఇదివరకు తెచ్చారు. రెండురోజులకే మడ్డితో పూడుకుపోయేది, దాన్ని విప్పి కడగడం ఆమెకు ఇంకో పని అయింది. ఇది ఇంటి మొత్తానికి. బావి నుంచి వచ్చే గొట్టం ఇంట్లోకి దిగేచోట నిలువెత్తు తొట్టి ఒకటి పెడతారు. అందులోని ఇసకలాంటి పదార్థం ఇనుమును పట్టేసుకుంటుంది, నిండాక తనను తానే కడుక్కుంటుంది. ఏ కుళాయి తిప్పినా ఒకే నీళ్ళు. మొదటి వరస, రెండో వరస, అడుగు వరస అని ఉండవు. ఆమె పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకు వచ్చిన ఒకావిడ ఇది చెబుతుంటే, అద్దాలు తుడుస్తున్న చెయ్యి ఆపేసి, చిన్నపిల్ల కథ విన్నట్టు విన్నది.

షాపులో తెల్లకోటు వేసుకోవాలి. అందరి కోట్లూ తెల్లగా ఉంటాయి, ఆమెది పలచని టీ రంగు. ఇంట్లో చొక్కాలకు పోగా మిగిలిన నీళ్ళలో ఉతికింది మరి. ఓరోజు యజమాని, కొనడానికి వచ్చినవాళ్ళ ఎదుటే, “ఏమ్మా, ఇంట్లో సబ్బు నిండుకుందా?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకా బావుండదని. ఆ రోజంతా కౌంటరు వెనకనుంచి ముందుకు రాలేదు.

సరే, బతిమాలగా బతిమాలగా, ఫిల్టరు కంపెనీ మనిషిని రమ్మనడానికి భర్త ఒప్పుకున్నాడు. ముందు నీళ్ళు పరీక్ష చెయ్యాలని అతను ఒక సీసా ఇచ్చి, “నీళ్ళు నింపి ఉంచండి, సాయంత్రం వచ్చి పట్టుకెళ్తాను,” అని వెళ్ళాడు. ఆమె షాపు నుంచి వచ్చేసరికి అతను వచ్చి వెళ్ళిపోయాడు కూడా. వారానికి ఫోన్లో ఫలితం చెప్పాడు. ఇనుము లేనట్టే, నీళ్ళు నిక్షేపంగా ఉన్నాయి, మీకు మా సరుకు అక్కర్లేదు. పాపం నిజాయితీపరుడు.

మామగారు ఆ మాట స్పీకరు పెట్టించి మళ్ళీ చెప్పించుకున్నారు. “నా బావి!” అన్నారు. ఆ ముసలి కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి ఆమె ఆ పూటకు నోరు మూసుకుంది.

ఇప్పుడు బిందె తోమడం అయ్యాక, చెయ్యి తుడుచుకుంటూ, ఎందుకో అడగాలనిపించి అడిగింది. “అత్తయ్యా, ఆ రోజు సీసాలో నీళ్ళు మీరే పోశారా?”

“నేనే. అబ్బాయి ఆఫీసులో ఉన్నాడు, మీ మావయ్య నిద్రలో ఉన్నారు.”

“ఏ కుళాయివి?”

“కుళాయివా!” అత్తగారు హాల్లోంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. “బయటివాడి చేతికి ఆ ఎర్రనీళ్ళిస్తానా? మన పరువేం కాను? సీసా వేణ్ణీళ్ళతో తొలిచి, నువ్వు పొద్దున తేర్చి పెట్టిన పెద్దబిందెలోవి, అవీ పైపైవి, గుడ్డ వేసి మరీ పోశాను. నాకామాత్రం తెలీదా?”

ఆమె గోడకు ఆనుకుంది. అత్తగారి ముఖంలో కల్లాకపటం లేదు. ఇంటికొచ్చిన మనిషికి ఉన్నవాటిలో మంచివి ఇచ్చిన తృప్తి ఉంది. ఈ ఇంట్లో మంచినీళ్ళంటే అవే. అవి బావిలోంచి వస్తాయని ఏనాడో అందరూ నమ్మేశారు. తన భుజమే సాక్ష్యానికెళ్ళి, తనకే ఎదురుతిరిగి చెప్పొచ్చినట్టయింది.

“విన్నారా?” అంది భర్తతో. “వాళ్ళు పరీక్ష చేసింది బావి నీళ్ళను కాదు, నేను తేర్చినవాటిని. మళ్ళీ పిలవండి. ఈసారి కుళాయి కింద పట్టిద్దాం.”

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. తర్వాత ఆయన ముఖం విప్పారింది. “అయితే ఇంకా మంచిదేగా? నువ్వు చేస్తే మెషిను అక్కర్లేనంత బాగా వస్తున్నాయని వాళ్ళే ఒప్పుకున్నట్టు. మళ్ళీ మెషినెందుకు?”

మెచ్చుకున్నాననే అనుకున్నాడాయన. పైగా, “డబ్బు కోసం కాదు సుమా. నాన్న బావికి మెషిను తగిలిస్తే ఆయన మనసెంత కష్టపడుతుంది, చెప్పు?” అన్నాడు.

మనసు కష్టపడటం అన్న మాట దగ్గర ఆమెకు అమ్మ గుర్తొచ్చింది. అమ్మ మంచాన పడ్డప్పుడు పుట్టింటికి వెళ్ళింది. వెళ్ళి ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చి, పక్కన కూచుందో లేదో ఇంటినుంచి ఫోన్లు. నీళ్ళు తేరడం లేదు, మా అమ్మకి నడుం పట్టేసింది, పిల్ల బడికి పసుపుచొక్కా వేసుకెళ్ళింది, ఎప్పుడొస్తున్నావ్? “ఇంకో నాలుగు రోజులు ఉండవే,” అంది అమ్మ. అడగడం అలవాటు లేని మనిషి, ముఖం గోడవైపు తిప్పుకుని అడిగింది. నీళ్ళు చూసుకుని మళ్ళీ వస్తానమ్మా అని చెప్పి బయల్దేరింది. మళ్ళీ వెళ్ళేసరికి అమ్మ ముఖం మీద గుడ్డ కప్పి ఉంది. అక్క అందరి ముందూ ఒక్కటే మాట అడిగింది, “అంత పనేముందే నీకక్కడ?” నీళ్ళు తేర్చాలి అని చెప్పడానికి నోరు రాలేదు. చెబితే ఎవరైనా నమ్ముతారా? తల్లి ప్రాణం కన్నా ముఖ్యమైన పని పేరు చెప్పమంటే, అది బిందె వంచడం.

ఆ రోజు గొడవ అలా చల్లారింది. ఆ ఇంట్లో ఆమె నోరు మూసుకోవడాన్నే చల్లారడం అంటారు.

మర్నాడు పొద్దున్న ఆమెకు మెలకువ వచ్చేసరికి కిటికీ అవతల వెలుగొచ్చేసింది. ఉలిక్కిపడి లేచింది. వంటింట్లోంచి నీళ్ళ చప్పుడు. సన్నటి ధార. ఎక్కడా తెగకుండా, ఊపిరి బిగబట్టిన చేతిలోంచి పడే ధార. వెళ్ళి చూస్తే, కూతురు. సన్నగా, పొట్టిగా ఉంటుందని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. కాలేజీకి వెళ్ళే పిల్ల, పొద్దెక్కేదాకా లేవని పిల్ల, జుట్టు పైకి ముడేసి, బిందెను తుంటికి ఆనించి, నాలిక చివర పళ్ళ మధ్య పెట్టుకుని, గుడ్డ మీద వంచుతోంది. పక్కనే నానమ్మ స్టూలు వేసుకుని కూచుంది. “ఆపు, ఆపు. మడ్డి కదిలిందంటే మళ్ళీ మొదటికొస్తుంది.”

“అమ్మా!” పిచ్చుక వెలిగిపోతున్న ముఖంతో చూసింది. “నాకొచ్చేసింది. చూడు, చుక్క ఎరుపు లేదు. నిన్న రాత్రి నువ్వు పడుకున్నాక నానమ్మ నాచేత ఇంకో బిందె పోయించింది. నీ చెయ్యి నొప్పి తగ్గేదాకా నేనే చేస్తాలే, నువ్వు పడుకో.”

“నొప్పి తగ్గినా చెయ్యనీ,” అంది అత్తగారు. “నేర్చుకుంటే తప్పేముంది? నా తర్వాత నువ్వు, నీ తర్వాత అది. నీ మొగుడికి కూడా చెప్పాను. మంచి ఆలోచనన్నాడు.”

ఆమె కూతురి చేతులు చూసింది. గోళ్ళ చుట్టూ అప్పుడే సన్నటి ఎర్రగీత దిగింది. తన గోళ్ళది సబ్బుకు పోదు, నిమ్మచెక్కకు పోదు. ఎప్పుడు మొదలైందో తనకు గుర్తులేదు. ఇవాళ మాత్రం కళ్ళతో చూసింది. పిల్ల ప్రేమతో చేస్తోంది. తనూ మొదట్లో ప్రేమతోనే చేసింది. భేష్ అని అత్తగారు అన్నరోజు, అమ్మకు ఉత్తరం కూడా రాసింది.

ఏడుపు వచ్చింది. పొయ్యి వైపు తిరిగి, టీకి నీళ్ళు పెట్టి, ఆ ఆవిరిలో ముఖం తుడుచుకుంది.

టీ దగ్గర అందరూ ఒకచోట చేరారు. మామగారు కప్పులోకి చూసి, “రంగు చూడు, తేనెలా,” అన్నారు. భర్త కూతురి తల నిమిరి, “మా పిచ్చుక పెద్దదైపోయిందే! పనిమంతురాలు,” అన్నాడు. పిచ్చుక సిగ్గుపడుతూ గోళ్ళు గిల్లుకుంది. మామూలుగా ఆమె అందరికీ ఇచ్చి నిలబడే తాగుతుంది. ఇవాళ కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్య కూచుంది. కుర్చీ చప్పుడుకు అందరూ తలెత్తారు.

“పిచ్చుక రేపట్నుంచి పొద్దున్నే లేవదు,” అంది.

“అదేంటమ్మా, నాకేం కష్టంగా లేదు...”

“నాక్కూడా ఉండేది కాదమ్మా.”

గొంతు పెంచలేదు. షాపులో, ఈ అద్దం మీకు సరిపోదండీ అని చెప్పేటప్పటి గొంతు అది. “నేనూ లేవను. సాయంత్రం బిందెలు మార్చడం, పొద్దున వంచడం, ఇంక లేదు. కుళాయిలో ఏవి వస్తే అవే టీకి, అవే అన్నానికి, అవే చొక్కాలకి. ఫిల్టరు పెట్టిస్తారో, మానేస్తారో మీ ఇష్టం. అడగడం కూడా ఇవాళ్టితో మానేశాను.”

మామగారు కప్పు కింద పెట్టారు. ఆమె గొడవ పడుతున్నట్టుంటే భర్తకు మాటలు దొరికేవి.

అందరికన్నా ముందు తేరుకున్నది అత్తగారు. ఆవిడ గొంతులో ఎప్పటి దెప్పు లేదు. భయం ఉంది. చిన్నపిల్లకుండే భయం. “నువ్వూ చెయ్యక, అదీ చెయ్యక... అంటే ఈ వయసులో మళ్ళీ నన్ను చెయ్యమంటావేంటే?”

ఆమె అత్తగారి వైపు తిరిగింది. ఇన్నేళ్ళలో ఆవిడ భయమేమిటో ఇప్పుడే అర్థమైంది.

“మీరు కూడా వద్దత్తయ్యా,” అంది. “మనం ముగ్గురం చెయ్యం.”