ఉమ్మే చోటు

తోళ్ల గోదాములో మా బావని అందరూ పిచికారీ అనేవాళ్లు. నోట్లో ఎప్పుడూ పొగాకు ఉండేది. ఉమ్మని చోటు లేదు. గోడ, గుమ్మం, సున్నం తొట్టి అంచు, అన్నీ ఎర్రగా చారలు కట్టి ఉండేవి. మా అక్క ఆయనతో ఎలా కాపురం చేస్తోందో నాకు అర్థమయ్యేది కాదు.

మా పని పచ్చితోళ్లు గీకడం. ఉప్పు చల్లిన తోళ్లు లారీలో వస్తాయి. వాటిని కడిగి సున్నం తొట్టిలో నానబెడతారు. వెంట్రుక వదిలాక ఏటవాలు దిమ్మ మీద పరిచి, రెండు పిడుల కత్తితో లోపలి కండా కొవ్వూ గీకేస్తాం. గీకిందంతా కాళ్ల దగ్గర కుప్పపడుతుంది. ఎండాకాలంలో ఆ కుప్ప పురుగులతో కదులుతూ ఉంటుంది. ఆ కంపు సబ్బుకి పోదు. బస్సులో మా పక్కన కూర్చున్నవాళ్లు రెండో స్టాపు రాకుండానే లేచి నిలబడతారు.

అలాంటి చోట, మోచేతుల దాకా కుళ్లులో మునిగిన మనుషులు, మేం ముగ్గురం ప్రభువుని నమ్ముకున్నామని తెలిశాక మా గ్లాసు ముట్టుకోవడం మానేశారు. తాము పొరపాటున అందులో తాగుతారేమోనని దాని మీద మేకుతో గీత కూడా గీశారు.

ముగ్గురమంటే బావ, నేను, మా సంఘపెద్ద. సంఘపెద్ద ఆరిన తోళ్లు కట్టలు కట్టేవాడు. శుభ్రమైన మనిషి. ఆ గోదాములో జేబురుమాలు ఉన్నది ఆయనొక్కడికే. మధ్యాహ్నం గంట కొట్టాక తొట్ల వెనక కూర్చునేవాళ్లం. బైబిలు బావది. ఆయనకి చదువు రాదు కనక నేను చదివేవాణ్ణి. సంఘపెద్ద ప్రార్థన చేసేవాడు.

"ముందు నోరు కడుక్కునిరా. ఇది ఉమ్మే చోటా?" అని బావని రోజూ కసిరేవాడు.

బావ వెళ్లి పుక్కిలించి వచ్చేవాడు. వాక్యం సగంలో ఉండగా మళ్లీ బుగ్గ ఉబ్బేది.

"నీ పక్కన కూర్చోవాలంటే గొడుగు కావాలి బావా," అనేవాణ్ణి.

"కొనుక్కో బామ్మర్దీ. మీ అక్క ఎప్పుడో కొనుక్కుంది," అనేవాడు.

మేస్త్రి మారాడు. కొత్తవాడికి మా వాసనే గిట్టలేదు. ముందు మధ్యాహ్నం కూర్చోవద్దన్నాడు. తర్వాత పురుగుల కుప్పలు మోసే పని మా ముగ్గురికే వేశాడు. మోశాం. ఒక శనివారం గంట కొట్టాక అందర్నీ పోగుచేశాడు. బావ సంచిలోంచి బైబిలు లాగి, దిమ్మ మీద తెరిచి పెట్టాడు.

"ఉమ్మండి. ఉమ్మినవాడికి పని. ఉమ్మనివాడికి గేటు," అన్నాడు మా ముగ్గురితో.

"పిచికారీకైతే పండగే!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

ముందు సంఘపెద్ద వెళ్లాడు. పొందిగ్గా, కొంచెమే ఉమ్మాడు. జేబురుమాలు తీసి పెదాలు అద్దుకుని, దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నా పక్కకొచ్చి, "దేవుడు లోపలిది చూస్తాడురా. ఇల్లు గడవాలి కదా," అని గొణిగాడు.

తర్వాత నేను. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. నోరు ఎండిపోయింది. నాలుక అటూ ఇటూ తిప్పి, బుగ్గలు లోపలికి పీల్చి, ఉన్న కాస్త తడీ పోగుచేశాను. ఉమ్మడానికి అంత పాటుపడ్డ మనిషి ఇంకొకడు ఉండడు. పడింది.

బావ వచ్చేసరికి అందరూ నవ్వుతూ నాలుగడుగులు వెనక్కి జరిగారు. బుగ్గ నిండుగా ఉంది. పుస్తకం వంక చూశాడు. గొంతు ముడి కిందికి దిగింది. కళ్లు ఎర్రబడి నీళ్లు కారాయి. మళ్లీ మింగాడు.

"ఉమ్మరా, నీకు అలవాటేగా!" అన్నాడు మేస్త్రి.

బావ నాలుకతో చిగుళ్లన్నీ తడిమి, పొగాకు పిప్పితో సహా గుటక వేశాడు.

"ఇది ఉమ్మే చోటు కాదండి," అన్నాడు.

మేస్త్రి చెంప మీద కొట్టాడు. బావ పుస్తకం మూసి, చొక్కాలో పెట్టుకుని గేటు దాటాడు. బయట గోడ పట్టుకుని పేగులు తెగేలా కక్కుకోవడం వినిపించింది. నేను వెళ్లలేదు. మేస్త్రి వచ్చి నా భుజం తట్టి, "నువ్వు బుద్ధిమంతుడివి," అన్నాడు. ఆ చొక్కా ఇంటికెళ్లి విప్పేదాకా ఒంటి మీద పురుగు పాకుతున్నట్టే ఉంది.

మర్నాడు ఆదివారం. ప్రార్థన ఎప్పుడూ మా అక్క గదిలోనే. ఉతికిన చొక్కాతో సంఘపెద్ద వచ్చాడు. "వందనాలమ్మా," అని ఎప్పటి చోటే కూర్చున్నాడు. బావ వాచిన చెంపతో చాప మీద గోడకి ఆనుకుని ఉన్నాడు.

"నిన్ను కూడా కొట్టారా?" అని అక్క నన్ను అడిగింది.

"బావ చెప్పలేదా?"

"రాత్రంతా కక్కుకోవడమే సరిపోయింది. చెప్పేదెక్కడ?"

బావ పుస్తకం నా ఒళ్లో పెట్టాడు. "చదవరా."

తెరిచాను. ఒకచోట రెండు పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. మధ్యలో పసుపుపచ్చ మరక. అందులో సంఘపెద్దది ఎంతో, నాది ఎంతో తెలియదు. రెండూ కలిసి గట్టిపడ్డాయి.

"ఇంకోచోట చదువు," అన్నాడు సంఘపెద్ద చూరు వంక చూస్తూ.



"అక్కా, నేను ఉమ్మాను. ఇది నాది," అన్నాను.

అక్క నన్ను చూసింది. సంఘపెద్దని చూసింది.

"ఛీ," అంది. తడిగుడ్డ తెచ్చి, నా చేతికివ్వకుండా నేల మీద పడేసింది.

"తడిపితే అక్షరాలు పోతాయే. గోటితో తియ్యనీ. చిరక్కుండా గీకడం వాడికొచ్చు," అన్నాడు బావ.

అంతలో గోదాము వాచ్‌మన్ గుమ్మంలో నిలబడ్డాడు. "లారీ వచ్చింది. తోళ్లు వాసనేస్తున్నాయి. మీ ఇద్దర్నీ మేస్త్రి ఇప్పుడే రమ్మన్నాడు. రాకపోతే ఇంకెప్పుడూ రావద్దన్నాడు."

సంఘపెద్ద లేచాడు. "పద. వచ్చే ఆదివారం చదువుకుందాం," అన్నాడు.

పిల్లలు గుర్తొచ్చారు. మేస్త్రి చెయ్యీ గుర్తొచ్చింది.

"నేను రాను," అన్నాను.

"ఏమని చెప్పమంటావ్?" అన్నాడు వాచ్‌మన్.

"రానన్నాడని."

వాళ్లిద్దరూ వెళ్లిపోయారు. నేను గోరు దూర్చి పేజీలు మూల నుంచి విడదీయడం మొదలుపెట్టాను. గోళ్లలో తోలు కంపు. కొన్ని అక్షరాలు ఎదుటి పేజీకి అంటుకుని లేచిపోయాయి. చదువుతూ ఆ చోటికి వచ్చేసరికి ఆగిపోయాను. చదువు రాని బావ, కళ్లు మూసుకుని, పోయిన మాట అందించాడు. చదివాను. మళ్లీ ఆగాను. మళ్లీ అందించాడు.

అక్క తలుపు వైపు తిరిగి వింటోంది. నా వైపు చూడలేదు.