ఎత్తు పెంచిన బండి

సరుకు మోసే పికప్పు బండి ఎత్తు పెంచుదామని, దాన్ని నడిపే బావమరిది అడిగినప్పుడే టైల్స్ వ్యాపారికి అనుమానం వచ్చింది. ఏనాడూ నోరు తెరవనివాడు అడిగాడంటే అందులో వాడికేదో గిట్టుబాటు ఉండే ఉంటుంది.

"కొండమీద ఇళ్లు కడుతున్న దారి చూశావుగా బావా! రాళ్లు బండి కడుపుకి గీసుకుంటున్నాయి. ఎత్తు పెంచితే బురదలోనూ ఏనుగులా నడుస్తుంది."

"ఏనుగు సరేరా, మేతెవడు పెడతాడు?" అన్నాడుగాని, కొండమీది బేరం వదులుకోవడం ఇష్టంలేక ఒప్పుకున్నాడు. మెకానిక్ పికప్పు వెనక కమాన్ల దగ్గర ఇనుప దిమ్మలు, ముందు స్ప్రింగులపైన దళసరి బిళ్లలు బిగించాడు. బండి పీటెక్కిన పొట్టివాడిలా నిలబడింది.

కొన్నాళ్లకే వ్యాపారి కంట్లో ఇంకొకటి పడింది. టైల్స్ పెట్టెలతోపాటు టార్పాలిన్ కింద నాలుగు మూటలు పోతున్నాయి. సంచుల మీద టైల్స్ అతికించే పొడి పేరు అచ్చేసి ఉంది. "ఏంట్రా అవి?" అంటే, "పాత సామాను బావా" అని నవ్వాడు. నవ్వుతూ చెప్పిన లెక్కని మళ్లీ కూడి చూడాలి. వీడు కొట్లో పొడి కొండమీద అమ్ముకుంటున్నాడు! ఇంట్లో పెళ్లాంతో చెబితే "మా తమ్ముడు అలాంటివాడు కాదు" అంటుంది. ఆ మాట తూకానికి రాదు. సాక్ష్యంతో పట్టుకుని, వేరే డ్రైవర్ని పెట్టుకోవాలి.

మర్నాడు తనూ బండెక్కాడు. పైన టైల్స్ దించారు. మూటలు మాత్రం కదల్లేదు.

"నేనున్నానని బేరం ఆపేశావా?"

"ఏం బేరం బావా?"

తిరుగుదారిలో, పల్లంలోని బురదకి ముందు వ్యాపారి బండి ఆపించాడు. ఒక మూట విప్పాడు. లోపల ఇసుక! "పొడి సంచిలో ఇసుక నింపి అంటగడుతున్నావట్రా? నా కొట్టు పరువేం కాను?" బావమరిది వద్దంటున్నా వినలేదు. అడుగున అసలు సరుకు దాచాడేమోనని నాలుగు మూటలూ పక్క కాలవలో గుమ్మరించాడు. ఇసుక తప్ప ఏమీ లేదు. ఉన్న ఇసుకా నీళ్లపాలైంది.

బండి బురదలో దిగింది. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, బండి అంగుళం కదల్లేదు.

"ఇందుకే బావా ఆ మూటలు," అన్నాడు బావమరిది తల వంచుకుని. "ఎత్తు పెంచాక కూడా ఖాళీ బండి ఇక్కడే ఇరుక్కుంది. మన బండిని తోసేది వెనక రెండు చక్రాలే. వాటిమీద బరువు లేకపోతే పట్టు దొరకదు. ఎత్తు రాళ్లకే పనికొచ్చింది."

"ఆ ముక్క అప్పుడే ఏడవచ్చుగా!"

"ఏనుగులా నడుస్తుందన్నానుగా. ఇరుక్కుందని తెలిస్తే నువ్వు అక్క ముందు, కొట్లో వాళ్ల ముందు జన్మంతా దెప్పుతావు."

దెప్పేవాడే. కాదనలేక వ్యాపారి మీసం గోక్కున్నాడు. "ఇప్పుడేం దారి?"

బావమరిది అతని బొజ్జవైపు చూశాడు. "వెనక చక్రాల మీదకొచ్చేలా కూర్చో బావా."

వ్యాపారి తొట్టిలోకెక్కి అంచు పట్టుకున్నాడు. చక్రాలు ఒక్క క్షణం జారి, పట్టు దొరికి, బండి మెల్లగా ఒడ్డెక్కింది. బురద అతని చొక్కా నిండా చిమ్మింది. వీడు గుంతలు తప్పిస్తున్నాడా, వెతుక్కుంటున్నాడా? డ్రైవర్ని మార్చే ఆలోచన మాత్రం బురదలోనే వదిలేసి, క్యాబిన్ మీద దబదబా చరిచాడు.

"ఒరేయ్, రేపు ఇసుక నింపేటప్పుడు నన్ను పిలువు. మూటలు నా కళ్లెదుటే కట్టాలి!"