చేపల కూరలో మామిడికాయ

టాంజానియా నుంచి తిరిగొచ్చిన ముయాకు సొంత ఊళ్లో ముందుగా పడనిది నేల. గొంతుక్కూచుంటే మోకాళ్లు పట్టేసేవి. పెద్దలంతా చెట్టుకింద నేల మీద కూచుంటే వీడొక్కడు ఆనుకోవడానికి దుంగ వెతుక్కునేవాడు. దొరగారు వచ్చిండు, కుర్చీ తెండి అని ఆడవాళ్లు నవ్వేవారు. ఎవరేం చెప్పినా నోటికి ‘సావా, సావా’ అని వచ్చేది. అక్కడి భాషలో సరే అని దానర్థం. పిల్లలు అదే వాడికి పేరు పెట్టేశారు.

దోర్నపాల్ చుట్టుపక్కల కుర్రాళ్లు తమిళనాడు బోరుబండ్ల మీద పనికి పోవడం కొత్తేమీ కాదు. ముయా పనిచేసే బండిని యజమాని ఓడెక్కించి ఆఫ్రికా పంపాడు. బండితో పాటు దాని మీద పనిచేసేవాళ్లనూ పంపాడు. రెండేళ్లని చెప్పి తీసుకుపోయారు. ఆరేళ్లయింది. రెండో ఏడు వానాకాలంలో భార్య కోసికి జ్వరం తగిలింది. వాగు పొంగి ఉంది. మంచం మీద మోసుకుని ఆస్పత్రికి బయలుదేరినవాళ్లు సగం దారిలోంచి వెనక్కి తెచ్చారు. అప్పుడు ఊరికి టవర్ లేదు. కబురు దోర్నపాల్ ఫోన్ దుకాణానికి, అక్కడినుంచి ఏజెంటుకు, ఏజెంటు నుంచి బండికి చేరేసరికి ఆమె పేరున రాయి కూడా పాతేశారు. రావడానికి యజమాని ఒప్పుకోలేదు. ముయా కూడా పట్టుబట్టలేదు. పోయినామె పోయింది, ఇప్పుడు పోయి చేసేదేముందని బండి మీదే ఉండిపోయాడు. ఇందులో యజమాని తప్పెంత, వీడి తప్పెంత అని ఊరు లెక్కలు వేయలేదు. రాలేదన్నదొక్కటే గుర్తుపెట్టుకుంది.

కూతురు లలితను మేనమామ సోమారు పెంచాడు. తండ్రి ఆఫ్రికా పోయేనాటికి చంకలోంచి దిగని పిల్ల. ఇప్పుడు దోర్నపాల్ హాస్టల్లో ఉండి చదువుతోంది. సెలవులొస్తే మేనమామ ఇంటికే వస్తుంది. సోమారు భార్య భీమే ఆ పిల్లను తన పిల్లల్లో ఒకదానిలాగే చూసింది. అంటే పెట్టిందీ, తిట్టిందీ, అవసరమైతే కొట్టిందీ.

ముయా వచ్చాక చేసిన పనులు రెండు. కూలిన ఇంటికి గోడలు లేపి పైన రేకులు వేశాడు. తరవాత బావ దగ్గరకు పోయి కూతుర్ని ఇమ్మన్నాడు. ఈ ఒక్కటి దక్కితే చాలు, మళ్లీ బండి ఎక్కనని చెప్పాడు. దక్కకపోతే ఏం చేస్తాడో చెప్పలేదు. రేకుల కింద ఒక్కడూ కూచుని గోడలు చూసుకోవాల్సిందేనని వాడికీ తెలుసు.

సోమారు న్యాయంగానే మాట్లాడాడు. పిల్ల నీదే, కాదన్నదెవరు అన్నాడు. కానీ దొంగతనంగా పంపినట్టు పంపనని, పెరమను పిలిచి అన్నం పెట్టి, ఆయన ముందు పిల్లను తీసుకుపొమ్మని చెప్పాడు. పెరమ అంటే ఊరి పూజలు చేసే పెద్ద. ఊరికి ఏది చెల్లుతుందో ఏది చెల్లదో చెప్పేది ఆయనే. లలితను అడిగితే వస్తానంది. ఎగిరి గంతేసి చెప్పలేదు, ముఖం ముడుచుకునీ చెప్పలేదు. అంతే చాలనుకున్నాడు ముయా.

ఆ రోజు వంట తనే చేస్తానన్నాడు. బండి మీద వంతులవారీగా వండుకునేవారు కాబట్టి చెయ్యి తిరిగింది. పొద్దున్నే మోటార్ సైకిల్ మీద దోర్నపాల్ పోయి శబరి ఏటి చేపలు తెచ్చాడు. చింతపండు బదులు పుల్లటి మామిడికాయ వేసి చేపలు వండడం బండి మీది తమిళుడు నేర్పించాడు. బజారులో కాయలు రాశిగా పోసి ఉంటే అవీ తెచ్చాడు. కోశాడు, వేశాడు, ఉప్పు చూశాడు. అదిరిందనుకున్నాడు.

మధ్యాహ్నానికి పెరమ, సోమారు, భీమే వచ్చి వాకిట్లో ఆకులు ముందేసుకుని కూచున్నారు. లలిత వడ్డించడానికి లోపలికొచ్చింది. వాకిట్లో అన్నం పెట్టి మళ్లీ లోపలికొచ్చింది. కూర కుండలో గరిటె పెట్టి లేపింది. గరిటెలో మామిడి ముక్క, దాన్ని అంటుకుని లేత టెంక.

పిల్ల గరిటె అలాగే పట్టుకుని తండ్రి వైపు చూసింది.

అప్పుడు గుర్తొచ్చింది ముయాకు. మామిడి పండుగ ఇంకా కాలేదు. పెరమ ఊరి దేవతైన తల్లికి కొత్తకాయ పెట్టి, ఊరందరికీ పంచేదాకా ఈ ఊళ్లో ఎవరూ మామిడి నోట పెట్టరు. వండరు. గాలికి రాలిన కాయను కూడా ముట్టరు. పాలు మరిచిన పిల్లలకు సైతం తెలిసిన సంగతి. టాంజానియాలో క్రిస్మస్ రోజుల్లో మామిడి పండేది, రోడ్డు పక్కన ఉప్పూకారం చల్లి అమ్మేవారు, ఏ దేవతనూ అడక్కుండా తినేవాడు. ఆరేళ్లు అలా తిన్న నోరు అడగడం మరిచిపోయింది. ఇప్పుడు ఆ కూరే పెరమ ఆకులో పడబోయింది.

ముయా కాళ్లు కదల్లేదు. లలితే కదిలింది. కుండను గుడ్డతో పట్టుకుని వెనక తలుపులోంచి పెరట్లోకి పోయి, గడప తగిలినట్టు తూలి, మొత్తం బూడిదగుంటలో దొర్లించింది. కుండ పగిలింది. కాలితో బూడిద ఎగదోసి పైన కప్పేసింది. పిల్లకు బుర్ర ఉంది.

చప్పుడు విని భీమే లేచి లోపలినుంచి పెరట్లోకి వచ్చింది. బూడిదలో కుండపెంకులు, కూర వాసన. వాకిట్లో పెరమ ఉత్త అన్నం ముందు కూచుని ఉన్నాడు. భీమేకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి లేపింది. ముయా గడపలో నిలబడి ఉన్నాడు. వాడికీ ఆ చేతికీ మధ్య రెండు బారల దూరం కూడా లేదు.

చెప్పొచ్చు. చెబితే పెరమ ఆకు వదిలి లేస్తాడు. కొత్తకాయ సంగతే మరిచినవాడికి పిల్లనెలా అప్పగిస్తానంటాడు సోమారు. అనడానికి హక్కూ ఉంది. ఈ పూట గడిస్తే పిల్ల ఇంట్లో ఉంటుంది. తరవాత ఎప్పుడో నెమ్మదిగా చెప్పొచ్చు. ముయా ఇవన్నీ ఆలోచించాడు. ఇన్ని ఆలోచించడానికి వాడికి టైం దొరికింది.

దెబ్బ చెంప మీద పడింది. రెండోది వీపు మీద. హాస్టల్లో నీకు కండ్లు మూసుకుని నడవడం నేర్పిండ్రా అని భీమే తిట్టింది. లలిత ఏడవలేదు. తండ్రి వైపు ఒకసారి చూసింది. ముయా తల దించుకుని కుండపెంకులు ఏరాడు.

అన్నంలోకి మిరపకాయ కారం, చింతపండు పులుసు పెట్టారు. పెరమ మంచివాడు. చేపలు మళ్లీ శబరికి పోయినయని నవ్వి, ఆకు ఊడ్చుకుని తిన్నాడు. చేతులు కడుక్కున్నాక సోమారు పిల్లను ముందుకు పిలిచాడు.

"మీ అయ్య అడుగుతుండు. పోతవా?"

"పోను."

సోమారు తెల్లబోయాడు. మొన్న వస్తనన్నవు కదా అన్నాడు. లలిత మళ్లీ అదే మాట చెప్పింది. అత్త కొట్టిందని అలిగిందనుకుని భీమే దగ్గరకు లాక్కుంది, తల నిమిరింది, కుండ పోతే పోయింది బిడ్డా అంది. పెరమ కర్ర పట్టుకుని లేచాడు. పిల్ల మాటే మాట, బలవంతం పెట్టొద్దన్నాడు. లలిత బట్టల సంచి వచ్చిన దారినే సోమారు ఇంటికి పోయింది.

మర్నాడు తెల్లారగానే ముయా పెరమ ఇంటికి పోయి జరిగింది చెప్పాడు. తిన్నది ఎవరని అడిగాడాయన. ఉప్పు చూసింది తనొక్కడేనన్నాడు. అయితే ఒక కోడి, సీసా సారా తెచ్చి తల్లి దగ్గర తప్పు ఒప్పుకొమ్మన్నాడు. బయటి దేశం పోయొచ్చినోళ్లు మరవడం మామూలే అని కూడా అన్నాడు. అంత తేలిగ్గా తీరిపోయింది. అంత తేలిగ్గా తీరేదని నిన్న తెలియదా అంటే, తెలియకేం.

అక్కడినుంచి సోమారు ఇంటికి పోయాడు. వాకిట్లో భీమే, లలిత బీడీ ఆకు కట్టలు కడుతున్నారు. సోమారు పక్కనే తాళ్లు పేనుతున్నాడు. ముయా ఈసారి దుంగ వెతుక్కోలేదు. మోకాళ్లు నొప్పెడుతున్నా వాళ్ల ఎదుట గొంతుక్కూచుని మొత్తం చెప్పాడు. కూర తనే వండానని, కాయ తనే వేశానని, పిల్ల కావాలనే పారబోసిందని.

భీమే చేతిలో కట్ట ఆగిపోయింది.

"నేను చెయ్యి లేపినప్పుడు నీ నోట్లో ఏమున్నది తమ్ముడూ?" అంది.

భీమే పిల్ల చెంప వైపు చూసి ముఖం తిప్పేసుకుంది. సోమారు తాడు పేనుతూనే ఉన్నాడు. పిల్లను అడుక్కో, మమ్మల్ని కాదు అన్నాడు.

"తప్పయింది బిడ్డా. పెరమకు చెప్పిన. ఇప్పుడు రా" అన్నాడు ముయా.

లలిత కట్టలో ఆకులు సరిచేసి, నారతో ముడేసి, పళ్లతో బిగించి పక్కన పెట్టింది. తరవాత తలెత్తింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాడు ముయా.

"అమ్మకు జ్వరం వచ్చినప్పుడు దూరం ఉన్నవని మామ చెప్పిండు. దూరం ఉన్నోడు ఎట్ల వస్తడు అని నేను కూడా అనుకున్న. నిన్న గడపలనే ఉన్నవ్."

అని ఇంకో కట్టకు ఆకులు తీసుకుంది.

ముయా చాలాసేపు కూచున్నాడు. ఎవరూ పొమ్మనలేదు, ఉండమనలేదు. ఎండ వాకిట్లోకి వచ్చాక లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి పడబోయాడు. సోమారు రెక్క పట్టుకుని లేపి, దారి దాకా వచ్చి వదిలాడు.

లలిత ఆ సెలవులు మేనమామ ఇంట్లోనే గడిపింది. దసరాకూ అక్కడికే వచ్చింది. ముయా బోరుబండి ఎక్కలేదు. రేకుల ఇంట్లోనే ఉన్నాడు.