మధ్యలో గీత ఉన్న మాత్ర

ఆదివారం భోజనాలయ్యాక మా ఇంట్లో ఒక ముచ్చట జరిగేది. మా ఆయన కిరీటి కళ్ళజోడు పెట్టుకుని, నా మందుల పెట్టె ముందేసుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చునేవాడు. వారానికి ఏడు గదులున్న ప్లాస్టిక్ పెట్టె. ఒక్కో గదిలో రెండేసి మాత్రలు వేసి మూత నొక్కేవాడు. అదే టేబుల్ మీద అంతకుముందు ఎనిమిది గిన్నెలు పెట్టి, తీసి, కడిగింది నేనే అయినా ఫోటో మాత్రం మాత్రలకే. మా అత్తయ్య రావమ్మగారు ఆ ఫోటో కుటుంబం గ్రూపులో పెట్టి, "భార్యకి ఇంత సేవ చేసే మొగుణ్ణి ఎక్కడైనా చూశారా" అని రాసేది. ఆడపడుచులు దండాలు పెట్టే చేతుల బొమ్మలు పంపేవాళ్ళు. నేనూ ఒకటి పంపేదాన్ని. నిజం చెప్పొద్దూ, పద్దెనిమిదేళ్ళ కాపురంలో నా కోసమని ఆయన చేసిన పని అదొక్కటే. నాకది అపురూపంగా ఉండేది.

నాకు పెద్దపేగులో వాపు. నాలుగేళ్ళయింది. ముదిరినప్పుడు నెత్తురు, జిగట, రోజుకి పది పన్నెండుసార్లు పరుగు. నేను పనిచేసే కాలేజీ ఆఫీసు బెంజ్ సర్కిల్ దగ్గర. ఆడవాళ్ళ బాత్రూం రెండంతస్తుల కింద. "మేడమ్‌గారు సీట్లో దొరకరండీ" అని సూపరింటెండెంట్ అందరి ముందూ నవ్వేవాడు. ఇంటికొస్తే అత్తయ్య "కాపురం బాత్రూంలోనే పెట్టావా" అనేది. అందరికీ రోటిపచ్చడి నూరిపెట్టి నేను మజ్జిగన్నం తినేదాన్ని. బొటనవేలంత ఉండే ఇటుకరంగు మెసాలమిన్ మాత్రలు పడితేనే నా పేగు శాంతించేది. వాటికి నెలకి మూడు వేలు. "అద్దె కట్టినట్టు ఎన్నాళ్ళు కట్టాలి దీనికి" అని కిరీటి నెలనెలా అడిగేవాడు. జవాబు చెప్పాల్సింది నేనే అయినట్టు తలొంచుకునేదాన్ని.

ఐదు నెలల కింద జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఆ వారమే పెట్టెలో మాత్ర మారింది. చిన్నది, తెల్లది, మధ్యలో గీత. "జనరిక్, మనోజ్ఞా. మందు అదే, కంపెనీ పేరు లేదు కాబట్టి చవక. పది షాపులు తిరిగి పోల్చి తెచ్చాను" అన్నాడు. ఎంత పొంగిపోయానో. పది రోజుల్లో నెత్తురు ఆగింది. ఆకలి పుట్టింది. ముఖం నిండింది. "ఇప్పుడొచ్చింది కోడలికి కళ" అంది అత్తయ్య. హాస్టల్లో ఇంటర్ చదువుతున్న మా అక్షయ మాత్రం వీడియో కాల్‌లో "అమ్మా, నీ ముఖం నీలా లేదే" అంది. దిష్టి పెట్టకని వాళ్ళ నాన్న ఫోను లాక్కున్నాడు. నిద్ర తగ్గింది. చిన్నమాటకే ఒళ్ళు మండిపోయేది. తలుపు తగిలితే చెయ్యి నల్లగా కమిలేది. డాక్టరుకి చూపించుకుంటానంటే, తగ్గాక కూడా ఫీజు దండగ, నలభై దాటితే ఇవన్నీ మామూలే అన్నాడు. నమ్మాను. నమ్మడం కూడా ఇంటిపనిలో భాగమే అనుకునే రకాన్ని.

మా ఆఫీసు అటెండర్ తెరేసమ్మ చెల్లెలికీ ఇదే జబ్బు. మెసాలమిన్ కొనలేక సగం రోజులు మానేస్తోందట. "మీరు వాడే చవక మందు పేరు రాసివ్వండి మేడమ్" అని తెరేసమ్మ అడిగితే నా దగ్గర పేరు లేదు. ఐదు నెలలుగా నోట్లో వేసుకుంటున్నదాని పేరు నాకు తెలియదని అప్పుడు తెలిసింది. కిరీటిని అడిగితే, పేరుదేముంది, తనే తెచ్చిస్తానని మాట దాటేశాడు. మర్నాడు ఒక మాత్ర కాగితంలో చుట్టుకుని, మధ్యాహ్నం గంటన్నర పర్మిషన్ పెట్టి గవర్నర్‌పేట వెళ్ళాను.

మూడో షాపులో ఒక అమ్మాయి మాత్రని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మెసాలమిన్ కాదండీ. ఆ మాత్ర పొట్టలో కరక్కుండా పేగుదాకా వెళ్ళాలని పైన పూత వేస్తారు. దాన్ని విరవకూడదు. దీనికి విరిచి వేసుకోవడానికే గీత పెట్టారు. స్ట్రిప్ చూడకుండా పేరు చెప్పలేను."

తర్వాత నా వంకే కాసేపు చూసి, మెల్లిగా అడిగింది. "మీ ముఖం మొదట్నుంచీ ఇలాగే ఉండేదాండీ?"

మెళ్ళో ఉన్న ఐడీ కార్డు తీసి చూపించాను. ఆ ఫోటోనీ నన్నూ చూసి, వెంటనే డాక్టర్ని కలవమంది. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దని రెండుసార్లు చెప్పింది.

స్ట్రిప్పులు ఇంటికెళ్ళాక ఆయన స్కూటర్ డిక్కీలో, రెయిన్‌కోటు కింద దొరికాయి. ప్రెడ్నిసొలోన్. స్టెరాయిడ్. నాలుగేళ్ళ కింద ఆసుపత్రిలో డాక్టరమ్మ దీన్ని ఆరువారాలకే రాసింది. ఇది మంట ఆర్పడానికే, ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లవుతాయని చెప్పింది. ఆవిడ చెబుతున్నప్పుడు కిరీటి నా పక్కనే నిలబడి, తల ఊపుతూ విన్నాడు. నాకు మింగుడుపడనిది స్ట్రిప్ మీద పేరు కాదు, ఆ ఊపిన తల.

సాయంత్రం స్ట్రిప్పులు టేబుల్ మీద పెట్టాను. ఆయన మొదట అడిగింది, "ఎవరికి చూపించావు?" అని. తర్వాత చాలా చెప్పాడు. పాత చీటీ చూపిస్తే తెలిసిన షాపువాడు ఇచ్చాడట. నెలకి వంద రూపాయలు కూడా కాదట. అక్షయ ఫీజులున్నాయట.

"తగ్గిందిగా. తగ్గిందా లేదా, నువ్వే చెప్పు. అమ్మ కూడా వద్దనలేదు" అన్నాడు.

అత్తయ్య టీవీ సౌండు తగ్గించలేదు. నా ఉబ్బిన ముఖం చూసి కళ అన్న మనిషికి, ఆ కళ ఎక్కణ్ణుంచి వచ్చిందో మొదటి ఆదివారం నుంచీ తెలుసు.

డాక్టరమ్మ పరీక్షలు చేయించింది. ముఖం ఉబ్బిందీ, చెయ్యి కమిలిందీ స్టెరాయిడ్ వల్లేనంది. షుగరు మొదలైంది. ఎముకలు పలచబడ్డాయి. మెసాలమిన్ భారమైతే సల్ఫాసలజైన్ ఉందంది. పాత మందు, నెలకి ఏడెనిమిది వందల్లో వస్తుంది, అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకోవాలి, అందరికీ పడదు కానీ నాకు ప్రయత్నించొచ్చు. "అడిగి ఉంటే ఆరోజే రాసేదాన్నమ్మా" అంది. ఖరీదైనదానికీ చవకదానికీ మధ్య ఒక మందు ఉంది. నేనూ చవకే కోరుకునేదాన్ని, ఆనందంగా ఒప్పుకునేదాన్ని. పది షాపులు తిరిగిన మనిషికి నన్ను అడగాలని మాత్రం తోచలేదు.

స్టెరాయిడ్ ఒక్కసారిగా మానకూడదట. ఒళ్ళు దానికి అలవాటుపడి తన పని తాను మర్చిపోతుందట. పన్నెండు వారాలకి పన్నెండు గడులు గీసి, ఒక్కో గడిలో కొంచెం కొంచెం తగ్గించి, చివరి గడిలో సున్నా రాసిచ్చింది. అంటే ఆయన మోసం చేసి మింగించినదాన్ని, తెలిసి తెలిసి ఇంకా మూడు నెలలు నా చేత్తో నేనే మింగాలి. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

తెరేసమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. సల్ఫాసలజైన్ పేరు చెప్పి, చెల్లెల్ని డాక్టరుకి చూపించి అడగమన్నాను.

"మరి ఆ ఇంట్లో అన్నం ఎట్లా తింటున్నారు మేడమ్?" అంది.

అన్నం వండేది నేనే కాబట్టి తింటున్నాను. పద్దెనిమిదేళ్ళుగా ఇందులో ఏం వేశావని అడక్కుండా తిన్నది వాళ్ళు.

ఆదివారం భోజనాలయ్యాక కిరీటి అలవాటుగా పెట్టె కోసం చెయ్యి చాచాడు. నేను తీసుకుని, స్ట్రిప్పు మీద పేరు చదివి, ఏడు గదులూ నింపుకున్నాను. అత్తయ్య ఫోన్ తియ్యలేదు. తర్వాత డాక్టరమ్మ కాగితం ఫ్రిజ్ మీద అంటించి, దాని పక్కన నేను గీసిన కాగితం అంటించాను. అదీ పన్నెండు గడులదే. ఈ వారం నుంచి సాయంత్రం టిఫిన్ చెయ్యను. వచ్చేవారం నుంచి ఆయన క్యారేజీ కట్టను. ఆ పై వారం బట్టలు, తర్వాత రాత్రి వంట, అలా తగ్గుకుంటూ పోతుంది. వాళ్ళ ఒళ్ళు కూడా నాకు అలవాటుపడి తన పని మర్చిపోయింది కదా, ఒక్కసారిగా మానెయ్యడం న్యాయం కాదనిపించింది.

కిరీటి కళ్ళజోడు పెట్టుకుని నా కాగితం మొదటి గడి నుంచీ చదువుకుంటూ వచ్చాడు.

"చివర్లో సున్నా అని ఉందేంటి? ఆ వారం వంట ఎవరు చేస్తారు?" అన్నాడు.

ఆ వారం నేనెక్కడ ఉంటానని అడగలేదు.