ఒక్కసారి నొక్కితే చాలు

స్క్రీను మీద వరసలు కిందికి జారుతున్నాయి. ఒకే ఇంటి నుంచి ఐదు నొక్కులు. వెళ్ళింది ఒకే అంబులెన్స్. మిగతా నాలుగింటికీ పాత జవాబే పోయింది: ‘అంబులెన్స్ బయలుదేరింది. తలుపు తీసి ఉంచండి.’ అతను చల్లారిన కాఫీ ఒక గుక్క తాగి, తరవాతి వరసకు వెళ్ళాడు.

ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరూ ఫోనులోని అంబులెన్స్ బటన్ ఒక్కసారి నొక్కి ఊరుకోరు. ఇదివరకు ఒకే గుమ్మం ముందు మూడు బండ్లు నిలిచేవి. పక్కవీధిలో బండి లేక మనిషి పోయేవాడు. దానికి విరుగుడుగా అతను రాసిన కోడు రోజంతా తిరుగుతూ కూర్చోదు. విన్నపం వస్తేనే మేలుకుంటుంది. అదే ఫోను, అదే చిరునామా గంటలోపు మళ్ళీ కనిపిస్తే, కొత్త బండి పంపకుండా, దాచుకున్న జవాబే అప్పగించి పడుకుంటుంది.

పలచబడ్డ జుట్టు, మోచేతుల దగ్గర వెలిసిన చొక్కా, ఇన్నేళ్ళుగా అదే కుర్చీ. ఆఫీసులో అతన్ని ‘ఒక్కసారి బాబాయ్’ అంటారు.

“గంట ఎక్కువేమో బాబాయ్?” అంది పక్క సీటు అమ్మాయి.

“కంగారు ఊరికే తగ్గుతుందా అమ్మా? మా అక్కని చూళ్ళేదు నువ్వు. లిఫ్ట్ బటన్ కూడా అరిగిపోయేదాకా నొక్కుతుంది.”

తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. అతను పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఇప్పటికీ రాత్రి భోజనం ఆమె చేతిదే.

మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి బావ ఫోను చేశాడు.

“నీ బండి భలే వచ్చిందోయ్! ఛాతీ పట్టేసిందంటే మీ అక్క నొక్కేసింది. తీరా చూస్తే గ్యాసట. సాయంత్రం దాకా ఉంచుతారట.”

“అక్కేది?”

“ఆ మోకాళ్ళతో బండెక్కలేదని ఇంట్లోనే ఉండమన్నా. పాపం, నాకంటే దానికే ఎక్కువ చెమటలు పట్టాయి.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఫోను పెట్టేసి అక్క ఇంటి వరస వెతికాడు. ఒక నొక్కు. కాసేపటికి వెంటవెంటనే మూడు.

“చెప్పలేదూ?” అన్నాడు అమ్మాయికి చూపిస్తూ.

“బండి వెళ్ళిపోయాక కూడా నొక్కారేంటి బాబాయ్?”

“అదే మా అక్కంటే.”

కోడు తన పని తాను చేసింది. ఆ మూడింటినీ వచ్చినవే మళ్ళీ వచ్చినట్టు గుర్తుపెట్టాడు. అక్కకు ఫోను చేస్తే ఎత్తలేదు. కునుకు తీస్తోందనుకున్నాడు.

సాయంత్రం వెళ్ళేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపుకి ఎదురుగా కుర్చీలో అక్క కూర్చుని ఉంది. కాళ్ళకు చెప్పులు వేసుకుంది. తల ఒక పక్కకు వాలింది.

“అక్కా.”

చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. రెండోసారి పిలవలేదు.

ఆమె వేళ్ళ మధ్య నుంచి ఫోను మెల్లగా తీశాడు. వెలుగు వచ్చింది. ఒకే జవాబు నాలుగుసార్లు, ఒకదాని కింద ఒకటి. అతను బటన్ నొక్కాడు. గంట ఎప్పుడో దాటిపోయింది కాబట్టి ఈసారి నిజంగానే బండి బయలుదేరింది. జవాబులో మాత్రం ఒక్క అక్షరం మారలేదు.

అతను గడప మీద కూర్చున్నాడు. ఏడుపు రాలేదు. ఎదురింట్లో ఎవరో బట్టలు దులుపుతున్నారు.

కుర్చీ పక్కన, ఆస్పత్రికి సర్దుకున్న సంచి జిప్పు సగమే వేసి ఉంది. పైన, మడతపెట్టిన తువ్వాలు మీద, బావ హడావుడిలో మరిచిపోయిన కళ్ళజోడు.