రెండో షిఫ్టుకు బద్లీ

బంగారు గని కూలీలకు వరసగా కట్టిన ఆ లైనిళ్ళలో గోడ గడియారం కొనుక్కున్నవాడు డబ్బులు ఎక్కువైనవాడి కిందే లెక్క. పొద్దున ఆరు కాగానే మొదటి ఇంట్లో జెరోమ్ దగ్గు మొదలయ్యేది. మధ్యాహ్నం రెండింటికి టక్కున ఆగేది. అదే నిమిషానికి నాలుగో ఇంట్లో జేవియర్ దగ్గు అందుకునేది, రాత్రి పదింటి దాకా. గని మూతపడి పదిహేనేళ్ళు దాటినా, అందులోకి దిగినవాళ్ళ ఊపిరితిత్తుల్లో మిగిలిన రాతిదుమ్ము మాత్రం షిఫ్టు తప్పలేదు. ఎవరు ఏ షిఫ్టులో పని చేశారో ఆ ఎనిమిది గంటలే వాళ్ళకు దగ్గూ, ఎముకల నొప్పీ. మిగతా పదహారు గంటలు మామూలు మనుషులే. కూరగాయలు తెస్తారు, మనవళ్ళను బడిలో దింపుతారు, ప్రభుత్వాన్ని తిడతారు.

ఐదో ఇంట్లో నంజుండప్ప మేష్టారు ఒక్కడే ఉండేవాడు. ముప్పయ్యారేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, గనిలోకి ఒక్కరోజూ దిగలేదు. గోడ పలుచన కాబట్టి రెండు కాకముందే అన్నం తినేసేవాడు. జేవియర్ దగ్గుతుంటే ఆయనకు ముద్ద దిగేది కాదు.

పెళ్ళో చావో వస్తే గని రోజుల్లోలాగే బద్లీ పెట్టుకునే వీలుండేది. ఒకడి బదులు ఇంకొకడు షిఫ్టుకు దిగడాన్ని అక్కడ బద్లీ అంటారు. ఎదురుగా నిలబడి "ఈ పూట నీ బద్లీ నేను" అంటే చాలు, దగ్గూ నొప్పీ అన్నవాడికి వచ్చేస్తాయి. షిఫ్టు అయ్యేదాకా తిరిగివ్వడానికి లేదు. జేవియర్ కూతురు జూలియా పెళ్ళినాడు జెరోమే రెండు షిఫ్టులూ కలిపి దగ్గాడు. మేష్టారిని మాత్రం ఎవరూ అడగలేదు. ఆయనా ఉంటానని అనలేదు.

ఆయన బాధ ఆయనకుంది. ఒక్కగానొక్క కొడుకు రామచంద్ర. తల్లి చనిపోయిన ఏడాదే డిగ్రీలో చేరి, గని వదిలేసిన సైనైడు మట్టిదిబ్బల వెనక స్నేహితులతో గంజాయి మరిగాడు. పరీక్షలు మానేశాడు. మూడేళ్ళ కింద నంజుండప్ప వాడి పెట్టె వీధిలో పెట్టి తలుపేసుకున్నాడు. అప్పట్నుంచి వాడు లక్కూరులో మేనత్త ప్రేమ ఇంట్లో పట్టుపురుగులకు ఆకు కోసి వేస్తున్నాడు. తండ్రీకొడుకులకు మాటల్లేవు.

ఆ రోజు పొద్దున కొళాయి దగ్గర జేవియర్ కలిశాడు.

"సారూ, మూడింటికి బడి హాల్లో మీటింగంట. గంజాయిని మందుకని లైసెన్సుతో అమ్మనియ్యాల్నా వద్దా అని బెంగళూరోళ్ళు అడిగి రాసుకుంటారంట. మీరు వద్దనే కదా చెప్పేది?"

"వద్దనే చెప్తానప్పా. నా కత నీకు తెలీదా?"

"నేను ఇయ్యమని చెప్తాను. కోపం వద్దు."

"కోపమెందుకు? ఐనా మూడింటికి నువ్వు యాడ మాట్లాడతావు? షిఫ్టులో ఉంటావు కదా."

"జెరోమును అడిగినా. ఇంగ రెండు షిఫ్టులు చేసే సత్తువ వానికి లేదు. చూస్తాం."

నంజుండప్ప బిందె ఎత్తుకుని వచ్చేశాడు. జేవియర్ భార్య మార్గరెట్ రోజూ ఒంటిగంటన్నరకు పాలల్లో ఏం వేసి మరిగిస్తుందో లైనంతటికీ తెలుసు. ఆ వాసన రాగానే ఆయన కిటికీ మూసుకునేవాడు. పోలీసులకు రాద్దామని రెండుసార్లు కాగితం ముందేసుకుని, రెండుసార్లూ చించేశాడు.

మీటింగుకు యాభైమంది దాకా వచ్చారు. బల్ల వెనక ఒక లాయరు, ఒక డాక్టరమ్మ, రాసుకునే కుర్రది. ముందు నంజుండప్పనే పిలిచారు.

"మా పిల్లోడు లెక్కల్లో ఫస్టు వచ్చేవాడు," అన్నాడాయన. "ఇప్పుడు ఇరవై ఆరేండ్లు. పురుగులకు ఆకేస్తా ఉండాడు. దొంగతనంగా దొరికేటప్పుడే ఇంత నష్టం. మీరు లైసెన్సిస్తే అంగట్లో బిస్కత్తు మాదిరి దొరుకుతాది. రోగముండేవానికే ఇస్తామంటారు. రోగం లేదని ఎవడు ఒప్పుకుంటాడు?"

వెనక వరసలో తల్లులు చప్పట్లు కొట్టారు. ఆయన అలసటగా వచ్చి కూర్చున్నాడు. ఆ మాటలు ఇంట్లో గోడలకు ఎన్నోసార్లు చెప్పినవే.

తర్వాత జేవియర్ చెయ్యెత్తి లేచాడు. "అమ్మా..." అన్నాడంతే, దగ్గు కమ్ముకుంది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ దగ్గు. పాలు తాగి వచ్చినా నాలుగు మాటలకు ఊపిరి చాలడం లేదు. లాయరు వాచీ చూసుకున్నాడు. "కూర్చోండి, పర్వాలేదు. తర్వాత ఎవరు?" అన్నాడు.

అక్కడే మేష్టారికి ఒళ్ళు మండింది. చెయ్యెత్తిన పిల్లవాడిని మాట్లాడించకుండా కూర్చోబెట్టడం ఆయన ముప్పయ్యారేళ్ళలో ఎన్నడూ చెయ్యలేదు. ఏం చేస్తున్నాడో తేల్చుకునేలోపే లేచి వెళ్ళి జేవియర్ ఎదురుగా నిలబడ్డాడు.

"ఈ పూట నీ బద్లీ నేనప్పా. చెప్పు, చెప్పాల్సింది."

నొప్పి వచ్చింది. ఆయన బెంచీ పట్టుకుని కూలబడ్డాడు. దగ్గు పేగులు తోడేస్తోంది. జేవియర్ మాత్రం నిటారుగా నిలబడి, జూలియా పెళ్ళి తర్వాత మళ్ళీ ఇప్పుడే మధ్యాహ్నం పూట ఊపిరి నిండా పీల్చుకున్నాడు.

"సారు చెప్పింది నిజమే," అన్నాడు. "ఆ పిల్లోణ్ణి నేనూ ఎత్తుకొని తిప్పినాను. లోకం ఎట్ల బాగుపడాలో నాకు తెలీదు. ఈ పాలు తాగితే నొప్పి పోదమ్మా. కొంచెం పక్కకు జరిగి కూర్చుంటాది, అంతే. అందుకోసరం నా పెండ్లాం దొంగ మాదిరి సంచిలో దాచిపెట్టుకొని తెస్తాది. ఒకరి సొత్తు ముట్టని మనిషి. ఆ దొంగతనం ఒక్కటి దాని నెత్తి మీద నుంచి తీసేయండి."

ఈసారి చప్పట్లు లేవు. మార్గరెట్ తలొంచుకుని, ఫ్లాస్కులో మిగిలిన పాలు గ్లాసులో వంచి నంజుండప్పకు అందించింది. ఆయన ఆ గ్లాసు వైపు చాలాసేపు చూసి, రెండు గుక్కలు తాగాడు. కాసేపటికి నొప్పి పోలేదు గానీ, కొంచెం పక్కకు జరిగింది. జేవియర్ చెప్పింది అబద్ధం కాదు.

డాక్టరమ్మ బల్ల దాటి వచ్చింది. "యాడ నొప్పి సార్? చూపించండి."

ఆయన చెయ్యి ఛాతీ మీద పెట్టాడు. కాదు. పక్కటెముకల మీద పెట్టాడు. అక్కడా కాదు. తన ఒంట్లో ఏ చోటుకూ చెందని నొప్పి అది, ఐనా లోపల తొలుస్తూనే ఉంది. చెయ్యి జారవిడిచాడు.

సరిగ్గా అలాగే చెయ్యి జారవిడిచాడు రామచంద్ర, ఇల్లు వదిలిన రోజు. "నొప్పిగా ఉండాది నాయినా" అన్నాడు వాడు. "యాడ? చూపించు" అని తండ్రి గద్దించాడు. వాడు ఛాతీ మీద ఒకసారి, తల మీద ఒకసారి చెయ్యి పెట్టి, ఏమీ చూపించలేక ఊరుకున్నాడు. అబద్ధం అతకలేదనుకున్నాడు నంజుండప్ప. ఇప్పుడు ఆయనకు ఏడుపు ముంచుకొచ్చింది.

"మీ అభిప్రాయం మార్చి రాసుకోమంటారా?" అని లాయరు అడిగాడు.

"వద్దు. నాది నాదే. ఆయనది కూడా రాసుకోండి," అని నంజుండప్ప లేచాడు.

దగ్గుతూనే ఊళ్ళోని కోరమాండల్ స్టేషన్‌లో రైలెక్కాడు. మాలూరులో దిగి బస్సు పట్టుకున్నాడు. లక్కూరు చేరేసరికి ఇళ్ళలో దీపాలు పెడుతున్నారు. రామచంద్ర వసారాలో మల్బరీ ఆకు తరుగుతున్నాడు. వాడి చొక్కా నుంచి ఆ గంజాయి వాసన వస్తూనే ఉంది. తండ్రిని చూసి లేవబోయాడు.

"కూర్చోరా. ఆ పొద్దు నువ్వు చూపించలేకపోయినావే, ఆ నొప్పి ఇంకా ఉండాదా?"

రామచంద్ర కత్తి పక్కన పెట్టాడు. "ఉండాది," అన్నాడు.

"ఐతే లెయ్యి. ఎదురుగా నిలబడు. నీ బద్లీ నేను."

"నేను గనిలో దిగలేదు కదా నాయినా."

"నేను మాత్రం దిగినానా?"

ఇద్దరూ ఒకరికొకరు ఎదురుగా నిలబడ్డారు. ఇంకో బరువు వచ్చి నంజుండప్ప మీద పడింది. ఆయన గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. రామచంద్ర చుట్టూ చూసి, ఆకలిగా ఉందన్నాడు. ప్రేమ గబగబా సంగటి, పులుసు వడ్డించింది. వాడు చిన్నప్పటిలా పులుసు చేతికంతా పూసుకుని తింటుంటే, తండ్రి రొప్పుతూ చూస్తున్నాడు.

"పదింటికి జేవియర్‌ది దిగిపోతాది," అన్నాడు. "నీది ఎన్నింటికి దిగుతాదిరా?"

రామచంద్ర ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు.

"అది దిగదు నాయినా. దానికి షిఫ్టు లేదు."

నంజుండప్ప కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకో ముద్ద పెట్టమ్మా వానికి," అన్నాడు చెల్లెలితో.