అపార్ట్‌మెంట్‌లో సదర్

దీపావళి ఇంకా పదిహేను రోజులుందనగా మా బర్రెల కొట్టం గేటు సందులో ఎవరో ఒక కవరు దూర్చి పోయారు. లోపల ఇంగ్లీషు కాగితాలు. మా బాపు కొండల్‌కు ఇంగ్లీషు రాదు. నేను ట్యూషన్ చెప్పి వచ్చేదాకా ఆ కవరును తడి తగలకుండా తవుడు డబ్బా మీద పెట్టి కూర్చున్నాడు.

"సదువు బిడ్డా" అన్నాడు.

చదివాను. ముప్ఫై రోజుల్లో పశువులను నగరం బయటికి తీసుకుపోవాలని మున్సిపాలిటీ నోటీసు. దాని వెనక ఫిర్యాదు నకలు. పేడ వాసన భరించలేకపోతున్నామని, దోమలు పెరిగాయని, దారిలో దున్నపోతును చూసి పిల్లలు జడుసుకుంటున్నారని రాశారు. కింద ముప్ఫై నాలుగు సంతకాలు. అందరూ మా వెనక అపార్ట్‌మెంట్ వాళ్లే. మొదటి సంతకం అసోసియేషన్ సెక్రటరీ మహేందర్‌ది. ఆయన కూతురు ప్రీతికి వారంలో నాలుగు రోజులు నేను లెక్కలు చెప్తాను. అప్పుడు కూడా వాళ్లింటి నుంచే వస్తున్నాను.

అమ్మ బర్రె పక్కన కూర్చుని పాలు పిండుతూ వింటోంది. "పేర్లు సదువు" అంది.

ఒక్కొక్కటే చదివాను. ఫ్లాటు నెంబరు చెప్పగానే అమ్మ వాళ్ల పాలు చెప్పింది. రెండొందల మూడు, అర లీటరు, చంటిపిల్ల ఉంది. నాలుగొందల ఒకటి, రెండు లీటర్లు, పెరుగుకు. నూట రెండు ఆండాలు అనేసరికి అమ్మ చెయ్యి ఆగింది. ఆండాలు పెద్దావిడ. ఏ బర్రె ఈనినా మొదటి జున్ను పాలు అమ్మ ఆమెకే పంపేది.

"ఆమె గూడ పెట్టిందా" అని, మళ్లీ పిండడం మొదలుపెట్టింది. చెంబులో పాలధార చప్పుడు పెరిగింది. బర్రె అసహనంగా కాలు జాడించింది.

సైదాబాద్‌లో మా కొట్టం మా తాత నాటిది. అపార్ట్‌మెంట్ వచ్చి ఎనిమిదేళ్లు. పదకొండు బర్రెలు, ఒక దున్నపోతు. రంజాన్‌లో శీర్‌ఖుర్మాకు, మొహర్రంలో దబీర్‌పురాలో పంచే షర్బత్‌కు, బోనాలప్పుడు పరమాన్నానికి మా పాలే పోతాయి. ఊరందరి పండగలకూ తెల్లవారుజామున మూడింటికి లేచే మాకు, మాదంటూ ఉన్న పండగ ఒక్కటే. దీపావళి అయిన రెండో రోజు వచ్చే సదర్. ఆ రోజు దున్నపోతులను కడిగి, నూనె పట్టించి, కొమ్ములకు నెమలి ఈకలు కట్టి, మెడలో గవ్వల పట్టెడ వేసి, తీన్‌మార్ డప్పులతో బస్తీలో తిప్పుతాం. పెద్దల ఇళ్ల ముందు అవి ముందుకాళ్లు ఎత్తి నిలబడతాయి. ఆడవాళ్లు హారతి ఇస్తారు.

మా దున్నపోతు పేరు బుజ్జోడు. పుట్టిన మూడో రోజే తల్లి చచ్చిపోతే అమ్మ సీసాతో పాలు తాపి పెంచింది. ఇప్పుడు మా అన్న బబ్లూ భుజం దాకా వస్తాడు. అయినా పేరు మారలేదు.

నోటీసు వచ్చిన నాలుగో రోజు ప్రీతికి పాఠం చెప్పి లేస్తుంటే మహేందర్ సార్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"సోనీ, ఈసారి మన అసోసియేషన్ తరఫున సదర్ చేద్దామనుకుంటున్నాం. మన పిల్లలకు మన కల్చర్ తెలియాలి కదా. మీ దున్నపోతును తీసుకురమ్మని మీ నాన్నకు చెప్పు."

నోటీసు సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అది నా మొదటి తప్పు. పైగా, ఆయన మనసు కరిగితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడేమోనని ఆశపడి, "చెప్తాను సార్" అన్నాను. అది రెండోది.

మర్నాడు బాపు స్వయంగా వెళ్లి అడిగాడు. "సార్, గా కాగితం సంగతి జర చూడున్రి."

"మాట్లాడదాం కొండల్, ముందు పండగ కానివ్వు" అన్నాడట ఆయన.

బాపు ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాడు. "మాట్లాడదాం అన్నడు. ఫికర్ లేదు."

అమ్మ గడ్డి మోపు కింద పడేసింది. "వాసనొస్తదని రాసినోడే పండగకు పిలుస్తుండా? ఏ మొఖం పెట్టుకొని పిలిసిండు? నువ్వు ఏ మొఖం పెట్టుకొని ఒప్పుకున్నవ్?"

"నీకు లొల్లి తప్ప ఏం రాదు" అన్నాడు బాపు. "ఒక్క గంట. గంట నిలబడితే కొట్టం ఉంటదంటే నిలబడనా?"

అమ్మ పడేసిన మోపు ఎత్తుకుని బర్రెల దగ్గరికి పోయింది. పండగ దాకా వాళ్లిద్దరూ బర్రెల గురించి తప్ప మరో మాట మాట్లాడుకోలేదు.

సదర్ రోజు పొద్దున్నుంచే అమ్మ బుజ్జోడి పనిలో పడింది. కోపమంతా చేతుల్లోకి దించి రుద్దింది. మధ్యాహ్నానికి వాడి ఒళ్లు నల్లరాయిలా నిగనిగలాడింది. బాపు తెల్ల చొక్కా, తెల్ల ధోవతి వేసుకుని ఎర్ర రుమాలు తలకు చుట్టాడు. ఎప్పుడూ మొదట బస్తీ పెద్దమనిషి ఇంటికి వెళ్లేవాళ్లం. ఈసారి నాలుగింటికి అపార్ట్‌మెంట్‌కు వెళ్లాం. డప్పులు గేటు బయటే ఆపించారు. చప్పుడు పడదట. లోపల స్పీకర్లో ఏదో పాట మోగుతోంది.

పార్కింగ్ జాగాలో కొత్త టైల్స్, వాటి మీద ఎర్ర తివాచీ. ఫ్లెక్సీ మీద బుజ్జోడి ఫోటో, పక్కన 'తూఫాన్' అని పేరు. ఎవరు పెట్టారో ఆ పేరు. బుజ్జోడిని తివాచీ మీద నిలబెట్టగానే మహేందర్ వాచ్‌మన్‌కు సైగ చేశాడు. అతను నీలం రంగు ప్లాస్టిక్ బకెట్ తెచ్చి బాపు చేతికిచ్చాడు.

"ఏమనుకోకు కొండల్. టైల్స్ కొత్తవి. అది ఏమైనా వేస్తే కింద పడకుండా పట్టుకో."

బాపు ఒక్క క్షణం బకెట్ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. తాడు బబ్లూకిచ్చి, బుజ్జోడి వెనక్కి వెళ్లి, వంగి, తోక కింద బకెట్ పట్టుకుని నిలబడ్డాడు.

ఫోటోలు మొదలయ్యాయి. జనం వరసగా వచ్చారు. ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని దగ్గరికి రావడం, ఫోటో కోసం కర్చీఫ్ తీసి నవ్వడం, మళ్లీ పెట్టుకోవడం. జడుసుకుంటారన్న పిల్లలు బుజ్జోడి మెడలో గవ్వలు లెక్కపెడుతున్నారు. ఒకామె వాళ్ల చేతుల మీద శానిటైజర్ పోస్తోంది. మహేందర్ పెద్ద పూలదండ తెచ్చి వేస్తూ ఫోటో తీసేవాడి వైపు తిరిగాడు. ఆ అబ్బాయి చెయ్యి ఊపాడు.

మహేందర్ వెనక్కి చూసి అన్నాడు, "కొండల్, నువ్వు ఫోటోలో పడుతున్నావు. కొంచెం పక్కకు."

బాపు వంగినవాడు వంగినట్టే పక్కకు జరిగాడు. అరగంట గడిచింది. బుజ్జోడు ఒక్కసారి కూడా పేడ వేయలేదు. తెల్ల బట్టలు, ఎర్ర రుమాలు, చేతిలో ఖాళీ బకెట్. నా పక్కన ప్రీతి ఐస్‌క్రీమ్ తింటూ ఏదో చెబుతోంది. నాకు వినిపించడం లేదు. వెళ్లి ఆ బకెట్ లాక్కోవాలని ఉంది. ఉన్నచోటే నిలబడ్డాను. వీళ్ల దృష్టిలో నేను టీచర్‌ని కదా. ఆ ఆలోచన వచ్చినందుకు ఈరోజుకీ నా మీద నాకు అసహ్యం.

అప్పుడు అమ్మ వచ్చింది. హారతి పళ్లెంతో వస్తుంటే, లిస్టులో పేరు లేదని వాచ్‌మన్ ఆమెను గేటు దగ్గరే ఆపాడట. అతన్ని ఎలా దాటిందో తెలియదు. తివాచీ అంచు దాకా వచ్చి బాపును చూసింది. పళ్లెం నా చేతిలో పెట్టింది. నేరుగా బుజ్జోడి వెనక్కి వెళ్లి, బాపు చేతిలోంచి బకెట్ తీసి, గోడ దగ్గర పెట్టి వచ్చింది. గట్టిగా విసిరినా బాగుండేది. అంత నెమ్మదిగా పెట్టడం చూస్తే నాకు భయమేసింది.

"నడుము ఎత్తు" అంది బాపుతో.

ఎవరో పాట ఆపేశారు. మహేందర్ దండ సర్దుతూ, "ఏమైందమ్మా" అన్నాడు.

"సార్, మీరు రాసిన కాగితం మా బిడ్డ సదివి చెప్పింది. పిల్లలు జడుసుకుంటున్నరని రాసిండ్రు. గీ పిల్లలేనా? వాసనొస్తదని రాసిండ్రు. మరి గింత దగ్గర నిలబడి దండేస్తున్నరు. ఏది అబద్ధం? కాగితమా, పండగా?"

"అమ్మా, ఇప్పుడు ఆ టాపిక్ ఎందుకు? అది సివిక్ ఇష్యూ. ఇది కల్చర్. రెండూ వేరు."

"మాకు వేరు గాదు సార్. పొద్దుగాల పెండ తీసిన చెయ్యితోనే పొద్దుమీకి దండేస్తం. మీకు పెండ లేని దున్నపోతు గావాలె, మేం లేని పండగ గావాలె. గది ఏడ దొరుకుతదో కొనుక్కోన్రి."

మహేందర్ ముఖం ఎర్రబడింది. నా వైపు తిరిగాడు. "సోనీ, చదువుకున్నదానివి నువ్వు. అమ్మకు అర్థమయ్యేలా చెప్పు."

అందరూ నన్నే చూశారు.

"ఆమెకు అర్థమైంది సార్. కాగితం చదివి చెప్పింది నేనే" అన్నాను.

అమ్మ ఆ కొత్త దండ తీసి కుర్చీ మీద పెట్టి, బబ్లూ చేతిలోంచి తాడు అందుకుంది. బుజ్జోడు ఆమె వెంట బయటికి నడిచాడు.

గేటు దాటాక బాపు విరుచుకుపడ్డాడు. అమ్మ మీద. "మాట్లాడదాం అన్నడు. అంత మంచిగైతుండె. అంత నాశనం జేసినవ్."

"బకెట్ పట్టిస్తే మంచిగైతున్నట్టా?"

"నా చెయ్యి, నా ఇష్టం. పదకొండు బర్రెలను ఏడ కట్టేస్తవ్ ఇగ? నీ కోపానికి కట్టేస్తవా?"

ఆ ఏడు బస్తీలో బాపు బదులు బుజ్జోడి ముందుకాళ్లు ఎత్తించింది బబ్లూ. బాపు ఒక ఇంటి అరుగు మీద కూర్చుని తీన్‌మార్ చప్పుడు వింటూ నేలను చూస్తూ ఉండిపోయాడు.

మర్నాటి నుంచి అమ్మ అపార్ట్‌మెంట్‌కు పాలు పంపలేదు. బబ్లూ బండి మీద క్యాన్లన్నీ దబీర్‌పురా, మలక్‌పేట హోటళ్లకే పోయాయి. మూడో రోజు ఆండాలు గిన్నె పట్టుకుని కొట్టానికి వచ్చింది.

"రాజమణీ, పార్కింగ్ కాగితమని చెప్తే సంతకం పెట్టానే. చదవలేదు."

"నువ్వు సదవకుంట పెట్టినవ్ పెద్దమ్మా. మా కొట్టం పోతుంది" అంది అమ్మ. పాలు మాత్రం పోయలేదు. ఆమె ఖాళీ గిన్నెతో గేటు దాటి పోతుంటే నాకు కష్టంగా అనిపించింది. "పెద్దావిడ కదమ్మా" అన్నాను.

"పాలు పోసినన్ని దినాలు పోసిన బిడ్డా. గప్పుడు మంచిదాన్నే గద" అంది.

ఆండాలు ఊరుకోలేదు. తన సంతకం వెనక్కి తీసుకుంటూ కాగితం రాసిచ్చింది. ఇంకో ఆరుగురి చేత కూడా రాయించింది. ఏడు తీసేసినా ఇరవై ఏడు మిగిలాయి. నేను ప్రీతికి ట్యూషన్ మానేశాను. ఆఫీసుల చుట్టూ బబ్లూ, నేను తిరిగాం. గడువు మారలేదు. చివరికి రింగ్ రోడ్డు అవతల మా దూరపు చుట్టం ఒకాయన జాగా ఇచ్చాడు.

తరలించే ముందు రోజు సాయంత్రం బాపు నా దగ్గరికొచ్చి, "ఆ పండగ ఫోటోలు ఉన్నయా" అని అడిగాడు. ప్రీతి పంపింది నా ఫోన్‌లో ఉంది. మహేందర్ బుజ్జోడి మెడ మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. 'మన మూలాలు మన గర్వం' అని కింద రాసి అందరికీ పంపాడట. బాపు ఫోన్‌ను దగ్గరగా పెట్టుకుని చూశాడు. వేళ్లతో పెద్దది చేసి ఓ మూల నుంచి ఇంకో మూలకు జరిపాడు.

"బబ్లూ ఏడి?"

"తీసేసిండ్రు బాపు. తాడు మాత్రమే ఉంది."

బాపు ఫోన్ తిరిగిచ్చాడు.

తెల్లారి ఏడింటికి లారీ వచ్చింది. గల్లీ ఇరుకు. లారీ నిలబడితే ఇంకో బండి పోలేదు. నాలుగు బర్రెలు ఎక్కాక వెనక నుంచి హారన్ మోగింది. మహేందర్ కారు. ఆగకుండా మోగించి, చివరికి అద్దం దించాడు.

"కొండల్, ఆఫీసుకు లేటవుతోంది. లారీ కొంచెం ముందుకు తీయించు."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా బాపు బయటివాళ్లకు ఎవరికీ ఎదురు చెప్పగా నేను చూడలేదు. పోలీసుకు, హోటలు సేటుకు, వాచ్‌మన్‌కు కూడా 'సరే సార్' అనేవాడు. ఇప్పుడు కారు దగ్గరికి నడిచి, కిటికీ మీద చెయ్యి పెట్టాడు.

"బర్రెలు ఎక్కేదాక లారీ కదలది సార్."

"ఎంతసేపు?"

"అవి ఎక్కినంతసేపు. మీరే గద పొమ్మన్నది. పోతున్నం. మేం పోయేది జర కూసొని చూడున్రి."

మహేందర్ కారు వెనక్కి తీయబోయాడు. అప్పటికే వెనక ఆటోలు నిలిచిపోయాయి. బాపు తొందరపడలేదు. ఒక్కో బర్రెను వీపు నిమిరి, పేరు పెట్టి పిలిచి, మెల్లగా ఎక్కించాడు. ఒకటి కారు ముందే నిలబడి పేడ వేసింది. బాపు దాన్ని తీయలేదు, తీయమని ఎవరికీ చెప్పలేదు. చివరగా బుజ్జోడు ఎక్కేసరికి తొమ్మిదైంది.

బాపు చెమట తుడుచుకుని, చాలా రోజుల తర్వాత అమ్మ వైపు తిరిగాడు.

"రాజమణీ, నువ్వు డ్రైవర్ పక్కన కూసో. నేను వెనక బుజ్జోని కాడ నిలబడ్త."

అమ్మ ఎక్కి కూర్చుంది. లారీ గల్లీ దాటేదాకా ఆమె అపార్ట్‌మెంట్ వైపు తల తిప్పలేదు. నేనూ బబ్లూ ఖాళీ కొట్టంలోకి వెళ్లి గుంజలు పీకడం మొదలుపెట్టాం. గట్టిగా దిగబడ్డాయి. ఒక్కొక్కటి ఊడడానికి చాలాసేపు పట్టింది.